ముందుగా అడుగవలసిన ప్రశ్న



ఈ నెల ఒక కష్టమైన సంగతిని మీ ముందుకు తెచ్చుచున్నాము. సంఘములో ఎవరూ పైకి మాట్లాడని సంగతి ఇది. అయితే ఏ సంఘములో చూచినా ఇద్దరు ముగ్గురు దంపతులైనా దీనిని లోలోపల మోయుచున్నారు. ఇందులో వైద్యమున్నది, చట్టమున్నది, డబ్బున్నది, అన్నిటికంటె మించి మనుష్య ప్రాణమున్నది. మా తప్పిదము కూడ ఉన్నది. దానిని దాచక వ్రాయుచున్నాము.

కొన్ని నెలల క్రిందట ఒక సోమవారము సాయంత్రము మా సంఘములోని దంపతులు ఇంటికి వచ్చారు. వారి అనుమతితోనే ఇది వ్రాయుచున్నాము. పేర్లు చెప్పము, ఆనవాళ్లు కొన్ని మార్చాము. వారికి నాలుగేండ్ల పాప ఉన్నది. పాప వాకిట్లో కోడిపిల్లల వెంట పరుగెత్తుచుండగా, తల్లి తన సంచిలోనుండి ఒక కాగితము తీసి బల్లమీద పెట్టింది. పట్టణములోని సంతాన సాఫల్య కేంద్రము నుండి వచ్చిన కాగితమది. మీ భ్రూణములు ఐదు మా వద్ద నిలువ ఉన్నవి, గడువు తీరుచున్నది, మరియొక సంవత్సరమునకు రుసుము కట్టెదరా లేక వదలివేయుటకు సంతకము చేసెదరా అని దాని సారాంశము.

"అయ్యగారూ, పాప ఎలా పుట్టిందో మీకు మేము చెప్పలేదండీ," అన్నాడు ఆయన తల వంచుకొని. "ఐ.వి.ఎఫ్. చేయించుకున్నాం. అప్పుడు ఏడు తయారయ్యాయి. రెండు లోపల పెట్టారు. ఒకటి నిలిచింది. అదే మా పాప. మిగతా ఐదూ అక్కడే ఉన్నాయండీ."

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. చివరకు వాకిట్లోని పాపవైపు చూచి, "ఇది కూడా ఆ ఏడింట్లో ఒకటే కదండీ అయ్యగారూ. ఆ ఐదూ దీని తోడబుట్టినవే కదా. సంతకం పెట్టమంటే చెయ్యి రావడం లేదు," అన్నది.

మాకు వెంటనే నోటికి వచ్చిన మాట ఒకటే: "ఈ పని చేయకముందు మమ్ములను ఒక మాట అడగకపోతిరా?" ఆ మాట అననే అన్నాము.

ఆయన తల ఎత్తి నెమ్మదిగా, "అడిగామండీ. ఆరేళ్ల కిందట ఇదే గదిలో అడిగాం. మీరు మరచిపోయి ఉంటారు," అన్నాడు.

అప్పుడు జ్ఞాపకమునకు వచ్చింది. ఆ రోజు మేము ఒక పెండ్లికి బయలుదేరుచున్నాము. గుమ్మములో చెప్పులు వేసికొనుచుండగా వారు వచ్చారు. "డాక్టరుగారు టెస్ట్ ట్యూబ్ పద్ధతి అంటున్నారండీ, చేయించుకోవచ్చా?" అని అడిగారు. "విశ్వాసముంచండి, ప్రార్థించండి, దేవుడు తన సమయములో ఇచ్చును," అని ఇద్దరి తలలమీద చేతులుంచి రెండు నిమిషములు ప్రార్థించి పంపివేశాము. మా మాటలో అబద్ధము లేదు. అయితే వారు అడిగినదానికి అది జవాబు కాదు. ఆసుపత్రికి వెళ్లుట అవిశ్వాసమని అయ్యగారి భావమని వారు అర్థము చేసికొన్నారు. అంతటితో మా వద్ద నోరు మూసికొన్నారు. బంధువుల ఇంటికని చెప్పి పట్టణము వెళ్లారు. ఎవరితోను సంప్రదించక, చూపించిన ప్రతి కాగితము మీద సంతకము చేశారు. పాప పుట్టినప్పుడు కృతజ్ఞత కూడికలో మేమే నిలువబడి దేవుని మహిమపరచాము. ఆ తల్లి ఆ దినమున ఎందుకంత ఏడ్చిందో మాకు ఇప్పుడు తెలిసినది.

ఏలీ పొరపాటు

సమూయేలు మొదటి గ్రంథము మొదటి అధ్యాయమును మనము హన్నా కొరకు చదువుదుము. ఈసారి ఏలీ కొరకు చదివాము. షిలోహులో ఆ స్త్రీ పెదవులు కదలుచుండగా స్వరము వినబడక ప్రార్థించుచున్నది. ఆయన గుమ్మము నొద్ద ఆసీనుడై ఆమెను చూచి, త్రాగియున్నదని అనుకొన్నాడు. ఏండ్ల తరబడి దేవుని మందిరములో పనిచేసిన యాజకునికి పిల్లలు లేని స్త్రీ దుఃఖము గుర్తుపట్టుట తెలియలేదు. అయితే ఆమె తన మనస్సు విప్పి చెప్పినప్పుడు ఆయన విన్నాడు, తన మాట మార్చుకొని ఆమెను దీవించి పంపాడు. కాపరులమైన మాకు ఆ భాగములో గద్దింపు ఉన్నది, నిరీక్షణ కూడ ఉన్నది. ఆ సోమవారము సాయంత్రము మేము ఆ దంపతులను క్షమాపణ అడిగాము.

పిల్లలు లేని బాధ అరుదైనది కాదు. జీవితములో ఎప్పుడో ఒకప్పుడు ఆరుగురిలో ఒకరు సంతానలేమి అనుభవించుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తెలిపినది. నూరు కుటుంబముల సంఘములో ఈ బాధ ఎన్ని ఇండ్లలో ఉండునో లెక్క చూచుకొనండి.

ఈ వైద్యమేమి?

మేము వైద్యులము కాము. వేదాంత డిప్లొమా చదివిన కాపరిమి మాత్రమే. అయితే ఆ సాయంత్రము తరువాత తెలిసిన డాక్టర్లను అడిగి కొంత నేర్చుకొన్నాము. మీకును సరళముగా చెప్పెదము.

పిల్లలు కలుగని ప్రతి దంపతులకు ఈ పద్ధతి అవసరము లేదు. థైరాయిడ్, అండము సరిగా విడుదల కాకపోవుట, బరువు, షుగరు వంటివాటిని సరిచేసిన మీదట సహజముగా గర్భము ధరించినవారు అనేకులు. మన దేశములో క్షయవ్యాధి గర్భనాళములకు సోకి అవి మూసికొనిపోవుట కూడ ఒక కారణము. దాదాపు సగము దంపతులలో పురుషునియందును కొంత లోపముండును. కాబట్టి మొదటి పరీక్ష ఇద్దరికీ జరుగవలెను. పురుషుని పరీక్ష సులువైనది, ఖర్చు తక్కువ. అయినను కోడలిని పదిమంది డాక్టర్ల చుట్టు త్రిప్పి, కుమారునికి ఒక్క పరీక్షయైనా చేయించని అత్తమామలను మన సంఘములలోనే ఎరుగుదుము.

ఇతర మార్గములు ఫలించనప్పుడు ఐ.వి.ఎఫ్. చెప్పుదురు. స్త్రీకి పది పన్నెండు దినములు ఇంజెక్షన్లు ఇచ్చి, సహజముగా నెలకొకటి పండు అండములను ఒకేసారి అనేకము పండునట్లు చేయుదురు. మత్తు ఇచ్చి, స్కానింగులో చూచుచు సన్నని సూదితో ఆ అండములను బయటకు తీయుదురు. ప్రయోగశాలలో వాటిని భర్త వీర్యకణములతో కలుపుదురు. కొన్నిసార్లు ఒక్కొక్క కణమును ఒక్కొక్క అండములోనికి సూదితో పంపుదురు. ఫలదీకరణమైనది భ్రూణమగును. మూడవ దినముననో అయిదవ దినముననో దానిని గర్భాశయములో ఉంచుదురు. సుమారు రెండు వారములకు రక్తపరీక్ష చేసి నిలిచినదా లేదా చెప్పుదురు. వయస్సు తక్కువైన స్త్రీలలో సహితము సగము సార్లో అంతకంటె ఎక్కువ సార్లో అది నిలువదు. నలభై దాటినవారిలో నిలుచుట మరీ తక్కువ. అండములు అధికముగా పండించుటవలన కడుపు ఉబ్బి, నీరు చేరి, ప్రాణము మీదికి వచ్చిన సందర్భములును కలవు. ఒక్కసారికే లక్షలలో ఖర్చగును. మా వద్దకు వచ్చిన ఆ సహోదరుడు ఒక ఎకరము అమ్మాడు, భార్య గాజులు కుదువపెట్టాడు.

ఈ విధముగా పుట్టిన మొదటి శిశువు లూయీ బ్రౌన్. ఆమె 1978 జులై 25న ఇంగ్లండులోని ఓల్డ్‌హామ్‌లో పుట్టినది. దాని వెనుక శాస్త్రవేత్త రాబర్ట్ ఎడ్వర్డ్స్, డాక్టర్ పాట్రిక్ స్టెప్టో, నర్సు జీన్ పర్డీ కష్టమున్నది. ఆ తరువాత మూడు నెలలైనా గడువకముందే, 1978 అక్టోబరు 3న, మన కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ ప్రయత్నమున మరియొక ఆడశిశువు పుట్టినది. ఆయన భ్రూణమును శీతలములో నిలువ ఉంచి, తరువాత తల్లి గర్భములో ఉంచాడు. అయితే ప్రభుత్వము నియమించిన కమిటీ ఆయన మాట నమ్మలేదు. ఎగతాళి చేసి, బదిలీ చేసి, తన పని చెప్పుకొనుటకు విదేశము వెళ్లనియ్యలేదు. 1981లో ఆయన తన ప్రాణము తానే తీసికొన్నాడు. 1986 ఆగస్టు 6న బొంబాయిలో డాక్టర్ ఇందిరా హిందుజా, శాస్త్రవేత్త టి.సి. ఆనంద్ కుమార్‌ల పనివలన పుట్టిన శిశువే దేశములో మొదటిదని చాలాకాలము చెప్పుకొన్నారు. తరువాత ఆ ఆనంద్ కుమార్‌గారే ముఖోపాధ్యాయ వ్రాతలు పరిశీలించి, మొదటి ఘనత నాది కాదు ఆయనదే అని 1997లో బహిరంగముగా చెప్పాడు. వినకుండ తీర్పు తీర్చినవారు ఒకవైపు, తన ఘనతను విడిచి సత్యము చెప్పినవాడు ఒకవైపు. మనము ఎవరివలె నుందుము?

ఇది పాపమా?

ఈ ప్రశ్నకు క్రైస్తవులందరు ఒకే జవాబు చెప్పుట లేదు. రోమను కథోలిక సంఘము 1987లో ఈ పద్ధతి మొత్తము తగదని ప్రకటించినది. ప్రొటెస్టెంటు సంఘములలో అనేకులు, భార్యాభర్తల సొంత అండము, సొంత వీర్యకణము అయిన యెడల దీనిని వైద్యముగానే ఎంచుదురు. అమెరికాలోని సదరన్ బాప్టిస్టు సంఘముల మహాసభ 2024 జూన్‌లో, ఈ వైద్యములో భ్రూణములు నశింపజేయబడుటను గూర్చి తన సభ్యులను హెచ్చరించినది.

మా గ్రహింపు మేరకు చెప్పుచున్నాము. వైద్యము అవిశ్వాసము కాదు. కంటికి శుక్లములు తీయించుకొనువాడు, గుండెకు స్టెంటు వేయించుకొనువాడు దేవుని విడిచిపెట్టలేదు గదా. లూకా వైద్యుడే. మూసికొనిన నాళమును దాటించి అండమును గర్భమునకు చేర్చుట ఆ కోవకు చెందిన సహాయమే.

అయితే భ్రూణము సంగతి వేరు. అండము, వీర్యకణము కలిసిన క్షణమున తల్లిలోను లేని, తండ్రిలోను లేని క్రొత్త మనిషి ఆరంభము అక్కడ ఉన్నది. ఆడో మగో అప్పుడే నిర్ణయమైనది. పరిశుద్ధ గ్రంథములో ప్రయోగశాల ప్రస్తావన లేదు. అయితే ఇంకను రూపము లేనప్పుడే దేవుడు తన్ను చూచెనని దావీదు తన కీర్తనలో ఒప్పుకొన్నాడు. మన రక్షకుడు మన శరీరములో పాలివాడైనది పశువుల తొట్టిలో కాదు, అంతకు తొమ్మిది నెలల ముందే మరియ గర్భములో. అందువలన ఆ చిన్నదానిని చిన్నదని త్రోసివేయుటకు మాకు ధైర్యము చాలదు.

కొందరు అడుగుదురు: "సహజముగా కూడ అనేక భ్రూణములు నిలువక పోవుచున్నవి గదా, దీనికింత ఆలోచన ఏల?" నిజమే, పోవుచున్నవి. అయితే తానుగా వచ్చు మరణము వేరు, మనము సంతకము చేసి పంపు మరణము వేరు. ముసలివారందరు చనిపోవుదురని మనము ఏ ముసలివానిని గుమ్మము బయట విడిచిపెట్టము.

చిక్కు అంతయు లెక్కలో ఉన్నది

కాబట్టి ఈ వైద్యములోని చిక్కు గాజు పాత్రలో లేదు, లెక్కలో ఉన్నది. పది అండములు తీసిరి, పదింటిని ఫలదీకరించిరి, ఏడు భ్రూణములైనవి, రెండు గర్భములో ఉంచిరి. మిగిలిన అయిదు? వాటిని మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో నిలువ ఉంచుదురు. డాక్టరు ఎక్కువ చేయుటకు కారణమున్నది. మొదటిసారి ఫలించని యెడల ఆ తల్లికి మరల ఇంజెక్షన్లు, మరల సూది, మరల లక్షలు అవసరము లేకుండ నిలువ ఉన్నవి పనికివచ్చును. ఆయన ఉద్దేశము మంచిదే. అయితే మొదటిసారే బిడ్డ కలిగినప్పుడు, తరువాత డబ్బు చాలనప్పుడు, ఆరోగ్యము చెడినప్పుడు, ఆ అయిదింటి సంగతి ఏమి?

2021లో మన పార్లమెంటు చేసిన సహాయక పునరుత్పత్తి చట్టము 2022 జనవరి 25 నుండి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము భ్రూణములను పది సంవత్సరములకు మించి నిలువ ఉంచరాదు. ఆ తరువాత వాటిని నశించిపోనిచ్చెదరు, లేదా దంపతుల అంగీకారముతో పరిశోధనకు ఇచ్చెదరు. అమెరికాలో కొందరు క్రైస్తవులు 1990ల చివర నుండి మిగిలిన భ్రూణములను పిల్లలు లేని వేరొక దంపతులకు దత్తత వలె ఇచ్చుచున్నారు. మన చట్టము భ్రూణములను ఇతరులకు అమ్ముటను గాని ఇచ్చుటను గాని అనుమతించదు. కాబట్టి ఒకసారి మిగిలిన తరువాత మనకున్న త్రోవలు మూడే: తల్లి గర్భము, పరిశోధనశాల, మరణము.

గోపురము కట్టగోరువాడు ముందు కూర్చుండి లెక్క చూచుకొనవలెనని ప్రభువు చెప్పిన ఉపమానము మీరెరుగుదురు. ఇక్కడ లెక్క చూచుకొనవలసిన సమయము అండము, వీర్యకణము కలియకముందే. కలిసిన తరువాత లెక్క మన చేతిలో నుండదు.

ముందుగా అడుగవలసినవి

డాక్టరుగారి ఎదుట కూర్చున్నప్పుడు, సంతకమునకు ముందు, భార్యాభర్తలిద్దరును కలిసి ఈ మాటలు అడుగుడి.

మొదటిది: "ఎన్ని అండములను ఫలదీకరించెదరు?" ఇదియే ముఖ్యమైన ప్రశ్న. గర్భములో ఎన్నింటిని ఉంచుటకు సిద్ధముగా ఉన్నామో అన్నింటినే చేయమని అడుగవచ్చును. జర్మనీ దేశములో 1991 నుండి అమలులో ఉన్న చట్టము ఒక విడతలో మూడింటికి మించి గర్భములో ఉంచనియ్యదు. మన దేశములో అటువంటి హద్దును మనమే అడిగి పెట్టించుకొనవలెను.

రెండవది: "మిగిలిన అండములను అండములుగానే నిలువ ఉంచగలరా?" ఇది చాలమందికి తెలియదు. పూర్వము ఫలదీకరణము కాని అండములను శీతలములో ఉంచిన యెడల చాలా మట్టుకు పాడైపోయెడివి. ఇప్పుడు అతి వేగముగా గడ్డకట్టించు పద్ధతి వచ్చినది గనుక వాటిని కూడ నిలువ ఉంచుచున్నారు. అండము ఇంకను మనిషి కాదు. అది మిగిలినను మనస్సాక్షి మీద బరువు పడదు. అవసరమైనప్పుడు మరల రెండు తీసి ఫలదీకరించుకొనవచ్చును.

మూడవది: "ఒక్కసారికి ఎన్ని గర్భములో ఉంచెదరు?" ఎక్కువ ఉంచిన యెడల కవలలు, ముగ్గురు కలిగి, నెలలు నిండకముందే ప్రసవమై, తల్లికిని బిడ్డలకును అపాయము. ఒక్కొక్కటిగా ఉంచుట క్షేమమని ఇప్పుడు చాలమంది డాక్టర్లు చెప్పుచున్నారు.

నాలుగవది: "అండము, వీర్యకణము మా ఇద్దరివేనా?" దాత అండము గురించి ఆసుపత్రిలో మాట తేలికగా వచ్చును. శారయికి బిడ్డలు లేనప్పుడు హాగరును నడుమకు తెచ్చిన ఇంటిలో ఎంత కన్నీరు కారినదో మనము చదివియున్నాము. దాత సంబంధము దానివలె వ్యభిచారము కాదు. అయినను మూడవ మనిషి ఒకరు బిడ్డ వెనుక ఎప్పటికిని నిలిచియుందురు. పైగా అండమిచ్చు స్త్రీ చాలసార్లు అక్కరలో నున్న పేదరాలు. చట్టము ఆమె వయస్సు 23 నుండి 35 మధ్య ఉండవలెననియు, జీవితములో ఒక్కసారే ఇయ్యవలెననియు, ఏడు అండములకు మించి తీయరాదనియు హద్దు పెట్టుటకు కారణమదే.

అయిదవది: "మేము మరణించినను, విడిపోయినను, నిలువ ఉన్నవాటి సంగతి ఏమి?" దంపతులు వ్రాతపూర్వకముగా సూచన ఇయ్యనిదే భ్రూణములను నిలువ ఉంచరాదని చట్టము చెప్పుచున్నది. ఆ కాగితము ఇంటికి తెచ్చుకొని, చదువుకొని, ప్రార్థించి నింపుడి. గర్భములో ఉంచకముందు ఎప్పుడైనను అంగీకారమును వెనుకకు తీసికొను హక్కు మీకున్నది.

కేంద్రము రిజిస్ట్రేషన్ పొందినదో కాదో కూడ తప్పక చూచుకొనుడి. ఇక వయస్సు. 2019 సెప్టెంబరులో గుంటూరులో డెబ్బై దాటిన ఒక తల్లికి కవల ఆడపిల్లలు పుట్టిరని పత్రికలలో మీరును చదివియుందురు. ఇప్పటి చట్టము స్త్రీకి 50, పురుషునికి 55 దాటిన తరువాత ఈ వైద్యమును అనుమతించదు. బిడ్డను కనుట ఒకటి, పెంచుటకు బ్రదికియుండుట ఒకటి.

తక్కువ అండములు ఫలదీకరించిన యెడల ఫలించు అవకాశము తగ్గును. డాక్టరుగారు ఆ మాట చెప్పుదురు, అది నిజమే. ఖర్చు కూడ పెరుగవచ్చును. దీనిని మీకు దాచము. విధేయతకు ఇక్కడ వెల ఉన్నది. కొందరు ఆ వెల చెల్లించగలరు. కొందరు ఈ వైద్యమే వద్దనుకొందురు. వద్దనుకొన్నవారు తక్కువ విశ్వాసులు కారు, తక్కువ దంపతులు కారు. పూర్వము మన దేశములో క్రైస్తవులు బిడ్డను తెచ్చుకొన్నను చట్టమెదుట సంరక్షకులుగానే ఉండవలసి వచ్చెడిది. బాలల న్యాయ చట్టము వచ్చిన తరువాత ఏ మతస్థులైనను పూర్తి తల్లిదండ్రులుగా దత్తత తీసికొనవచ్చును. ఆ త్రోవను కూడ ఇద్దరును కలిసి ఆలోచించుడి.

సంఘమునకు ఒక మాట

ఈ దంపతులను రహస్యములోనికి నెట్టినది మేమొక్కరమే కాదు. పెండ్లియైన మూడవ నెల నుండి "విశేషమేమైనా ఉందా?" అని అడిగిన ప్రతి ఒక్కరమును. సీమంతము జరుగు ఇంట ఆమెను వెనుకకు కూర్చుండబెట్టిన పెద్దమ్మలును. ఏ పాపము అడ్డమున్నదో పరీక్షించుకొనుమని చెప్పిన ప్రార్థనాపరులును. జెకర్యా ఎలీసబెతులు దేవుని దృష్టికి నీతిమంతులుగా నుండి ముసలితనము వరకు బిడ్డలు లేక యున్నారని లూకా ఎందుకు వ్రాశాడో వారు మరచిరి. మేము కూడ తల్లుల దినమున బిడ్డల తల్లులను మాత్రము నిలువబెట్టి పూలు ఇచ్చిన సంవత్సరములున్నవి. ఆ వరుసలో కూర్చుండిపోయిన స్త్రీల ముఖములు మేము చూడలేదు. ఇక మీదట ఆలాగు చేయము.

సహోదరీ, ఆమె చెప్పినప్పుడు విను. చెప్పని యెడల అడుగకుము. ఆమెకు తెలిసిన డాక్టరు పేరు, ఆమెకు తెలిసిన వాక్యము నీవు క్రొత్తగా చెప్పనక్కరలేదు.

ఆ దంపతుల సంగతి అడుగుదురు. వారికి మేము తీర్పు చెప్పలేదు. అయిదుసార్లు కలిసి మాట్లాడుకొన్నాము. మా సహధర్మచారిణి ఆ సహోదరితో ఒంటరిగా కూర్చున్నది. వారు డాక్టరుగారి యొద్దకు వెళ్లి, ఆమె వయస్సుకు, ఆరోగ్యమునకు అభ్యంతరము లేదని తెలిసికొన్నారు. నిలువ తీసినప్పుడు అన్నియు బ్రదుకవనియు, బ్రదికినవన్నియు నిలువవనియు ఆయన ముందే చెప్పాడు. చివరకు ఒక ఆదివారము ఆరాధన తరువాత ఆమె మాతో, "ఒక్కొక్కరినే పిలుస్తామండీ అయ్యగారూ. వచ్చేవాళ్లు వస్తారు. రానివాళ్లను దేవుడికి అప్పగిస్తాం. పిలవకుండా మాత్రం వదలం," అన్నది. ఆయన ప్రక్కనే నిలువబడి వేళ్లమీద అప్పు లెక్క వేసికొనుచున్నాడు, అయినను తల ఊపాడు.

సంవత్సరపు రుసుము కట్టారు. మొదటిదాని నిమిత్తము వచ్చే నెల వెళ్లుచున్నారు. ఏమగునో మేమెరుగము. ఈసారి బంధువుల ఇంటికని చెప్పి వెళ్లుట లేదు. తేదీ మాకు చెప్పారు. ఆ దినమున మరే కార్యక్రమము పెట్టుకొనలేదు. ఆసుపత్రి వరండాలో ఆ సహోదరుని ప్రక్కన మేముందుము. పాప మా ఇంట ఉండును.

ఈ నెల మీ కుటుంబ ప్రార్థనలో ఇట్లు ప్రార్థించుడి: ప్రభువా, మా సంఘములో ఒడి నిండని తల్లులను, ఎవరికిని చెప్పుకొనలేని తండ్రులను నీవెరుగుదువు. వారికి మా నోళ్లవలన గాయము కలుగకుండ మమ్మును కాపాడుము. సంతకము చేయు చేతులకు జ్ఞానమిమ్ము. మా కంటికి కనబడనంత చిన్నవారిని కూడ నీవు చూచుచున్నావు గనుక వారిని నీ చేతికి అప్పగించుచున్నాము. ఆమేన్.